రైలు ప్రమాదం జరిగితే సాయం ఎంతసేపటికి వస్తుంది? అంతవరకు లోపలున్నవాళ్లు ఏం చేయాలి?

మీ అమ్మానాన్నలు నెలకోసారి సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం వెళ్లొస్తారని, ఒడిశా ప్రమాదం చూసినప్పటి నుంచి వాళ్లు ఇల్లు చేరేదాకా మీకు నిద్ర పట్టడం లేదని రాశారు. ఏదైనా జరిగితే సాయం ఎంతసేపటికి అందుతుంది, వాళ్లకు ముందుగా ఏం చెప్పి పంపాలి, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ వచ్చాక ఇక భయం లేదా అని అడిగారు.

నేను సికింద్రాబాద్ డివిజన్‌లో, ప్రమాదం జరిగిన చోటికి సాయానికి వెళ్లే రిలీఫ్ ట్రైన్ మీద 19 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొదట ఖలాసీగా, తర్వాత ఫిట్టర్‌గా. మేం దాన్ని బ్రేక్‌డౌన్ అనేవాళ్లం. అందుకని నాకు తెలిసింది కాస్త వివరంగానే రాస్తాను.

ముందు టైమ్ సంగతి. ప్రమాదం కబురు కంట్రోల్ ఆఫీసుకు చేరగానే హూటర్, అంటే సైరన్, మోగుతుంది. అది ఎన్నిసార్లు మోగిందన్నదాన్ని బట్టి బయల్దేరాల్సింది మెడికల్ వ్యానా, క్రేన్‌తో సహా రిలీఫ్ ట్రైనా అన్నది మాకు తెలిసిపోయేది. మందులు, స్ట్రెచర్లు, కటింగ్ సామాను ఉండే మెడికల్ వ్యాన్‌ని రెండువైపులా దారి ఉన్న సైడింగ్‌లో (బండి నిలిపి ఉంచే పక్క లైనులో) పెడితే 15 నిమిషాల్లో కదిలించాలి. రిలీఫ్ ట్రైన్ అయితే పగలు 30 నిమిషాలు, రాత్రి 45. ఆ సైడింగ్‌కి ఎప్పుడూ ఏ బండీ అడ్డం ఉండకూడదు. దారిలో ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా ఆగి మాకు దారి ఇవ్వాల్సిందే.

హూటర్ వినపడే దూరంలోనే క్వార్టర్స్ ఉండేవి. రాత్రిపూట మోగిందంటే మా ఆవిడ నాకన్నా ముందు లేచేది. నేను ప్యాంటు వేసుకునేలోపు ఫ్లాస్క్, టార్చి, కండువా గుమ్మం దగ్గర పెట్టేది. ఎక్కడికని అడిగేది కాదు, నాకూ తెలిసేది కాదు. బండి కదిలాకే సూపర్‌వైజర్ గారు చెప్పేవారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. 15 నిమిషాలన్నది మేం బయల్దేరే టైమ్. చేరే టైమ్ దూరాన్ని బట్టి ఉంటుంది. నూరు కిలోమీటర్ల అవతల జరిగితే ఎంత పరుగు తీసినా గంట దాటుతుంది. ఈలోపు దగ్గరి స్టేషన్ సిబ్బంది, 108 అంబులెన్సులు, పోలీసులు వస్తారు. అందరికన్నా ముందు వచ్చేది మాత్రం పక్క ఊరివాళ్లు. నా సర్వీసులో మేం మొదట చేరుకున్న చోటు ఒక్కటీ లేదు.

ఒకసారి ఒక ప్యాసింజర్ రైలు పట్టాలు తప్పిన చోటికి తెల్లవారుజామున చేరాం. ఊరి పేరు రాయను. మేం లైట్లు దించుకునేసరికే అక్కడ వెలుతురుంది. కట్ట కింద పొలంలో ఏడెనిమిది ట్రాక్టర్లు వరసగా నిలబెట్టి హెడ్‌లైట్లు బోగీల మీదికి వేశారు. ఇళ్లలోంచి నులక మంచాలు తెచ్చి తిరగేసి, వాటి మీద దెబ్బలు తగిలినవాళ్లను మోసుకుపోతున్నారు. ఒక ముసలామె పక్కన కూర్చుని ఎవరి పిల్లనో ఒళ్లో పడుకోబెట్టుకుని చీర కొంగుతో నుదుటి రక్తం ఒత్తి పట్టుకుంది. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుందోగానీ, మా డాక్టరు గారు వచ్చి చెయ్యి తీయమ్మా అంటే వేళ్లు బిగుసుకుపోయి రాలేదు. ఆ పిల్ల బతికింది. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తి, వదలకుండా పట్టుకోవడం. దీనికి ట్రైనింగ్ అక్కర్లేదు. మీ అమ్మానాన్నలకు మొట్టమొదట ఇదే చెప్పండి.

బోగీల్లో ఇరుక్కున్నవాళ్లను తీయడం వేరే పని. దానికి తొందర పనికిరాదు. అందరూ ఒక్కసారి అరుస్తుంటే లోపలి మూలుగు వినపడదు. మా సూపర్‌వైజర్ గారు జనరేటర్ ఆపించేవారు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడొద్దనేవారు. నేను స్పానర్‌తో బోగీ రేకు మీద మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించి వినేవాణ్ణి. ఆ రోజు మూడోసారి కొట్టినప్పుడు లోపలినుంచి గాజు గాజుకు తగిలినట్టు సన్నని చప్పుడు వచ్చింది. ఒకామె చేతి గాజులు సీటు రాడ్డుకు తగిలిస్తోంది. నోరు పెగలడం లేదు. ఆ చప్పుడు పట్టుకునే కోశాం. అందుకే చెబుతున్నాను, ఇరుక్కుంటే గొంతు చించుకుని అరవొద్దు, అరిస్తే ఓపిక అయిపోతుంది. చేతికి ఏది దొరికితే దానితో లోహం మీద ఆగి ఆగి కొట్టాలి. బయట ఉంటే మనమూ కాసేపు నిశ్శబ్దంగా ఉండి వినాలి.

కోయడం కూడా గ్యాస్ కట్టర్‌తో నిప్పులు రాలుస్తూ కోయడం ఆఖరి మాట. ముందు హైడ్రాలిక్ కట్టర్, స్ప్రెడర్ వాడతాం. ఇంచు ఇంచు విడదీస్తాం. 2019 నవంబరు 11న హైదరాబాద్ కాచిగూడలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు, ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నప్పుడు ఎంఎంటీఎస్ లోకోపైలట్ (డ్రైవర్) క్యాబిన్‌లో ఇరుక్కుపోతే, బయటికి తీయడానికి సుమారు 8 గంటలు పట్టింది. అంతసేపూ ఆక్సిజన్, సెలైన్ పెడుతూనే ఉన్నారు. ఆయన కొన్ని రోజులకు కన్నుమూశారు. టీవీలో చూసి ఇంతసేపా అని తిట్టినవాళ్లు చాలామంది. మనిషి కాలి మీద నలిగిన ఇనుము ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే అలా అనరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అమ్మానాన్నల విషయంలో నాకు భయమేసేది రైలు ఆగిన తర్వాత చేసే పొరపాటు గురించి. 2013 నవంబరు 2న విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర బోగీలో మంటలన్న పుకారుతో జనం పక్క పట్టాల మీదికి దిగితే, ఎదురుగా వచ్చిన ప్యాసింజర్ వాళ్ల మీదుగా పోయింది. 2022 ఏప్రిల్ 11న శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గరా ఆగిన రైలు దిగి పక్క పట్టాల మీదున్నవాళ్లను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కొట్టేసింది. 2025 జనవరి 22న మహారాష్ట్ర జల్గావ్ జిల్లాలో పుష్పక్ ఎక్స్‌ప్రెస్ వాళ్లకూ అదే గతి పట్టింది. మూడుసార్లూ రైలు లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ కాలేదు. రెండోది మీవాళ్లు వెళ్లే దారిలోదే.

రైలు ఎడమ లైను మీద నడుస్తుంది. డబుల్ లైన్ ఉన్నచోట బండి వెళ్లే వైపు ముఖం పెట్టి నిలబడితే రెండో లైను మన కుడిపక్కన ఉంటుంది. కాబట్టి దిగాల్సి వస్తే ఎడమపక్కే దిగాలి. మూడో లైను వేసినచోట, స్టేషన్ల దగ్గర ఈ లెక్క కుదరదు, అందుకని తలుపు దగ్గర నిలబడి ఏ పక్కన పట్టాలు లేవో చూసి దిగాలి. దిగాక కట్ట కిందికి, దూరంగా జరగాలి. ప్రమాదం జరిగితే లోకోపైలట్ ఇంజిన్ మీద ఫ్లాషర్ లైటు వేస్తారు. పక్క లైన్లో 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దగ్గర మూడు డిటోనేటర్లు (చక్రం కింద పేలి ఎదురుబండి డ్రైవర్‌ను హెచ్చరించేవి) పెట్టాలి. దానికి మనిషి నడిచి వెళ్లాలి కదా! ఆ కొద్ది నిమిషాల్లోనే ఎదురుబండి వచ్చేస్తే ఆపడం ఎవరి తరమూ కాదు.

కరెంటు తీగ సంగతి కూడా. పైన వైరులో 25,000 వోల్టులు ఉంటుంది. తెగి కింద పడితే, బోగీకి తగులుతూ ఉంటే, దగ్గరికి పోవద్దు. కరెంటు ఆపారని రైల్వే మనిషి చెప్పేదాకా దాన్ని ముట్టుకున్న బోగీనీ తాకకూడదు.

నిప్పు విషయంలో మంచి ఉదాహరణే ఉంది, అదీ మీవాళ్లు వెళ్లే రైలే. 2023 జులై 7న హౌరా నుంచి సికింద్రాబాద్ వస్తున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మాయిపల్లి, పగిడిపల్లి మధ్య పొగ వచ్చింది. ప్రయాణికులు చైన్ లాగారు, అందరూ దిగిపోయారు. బోగీలు తగలబడిపోయాయి కానీ ఒక్క ప్రాణం పోలేదు. కాలని బోగీలను విడదీసి సికింద్రాబాద్ తెచ్చేశారు. సామాను కోసం ఆగి ఉంటే ఎలా ఉండేదో ఊహించడానికే భయం. పొగలో తల ఎత్తి నడవకూడదు, వంగి, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని పక్క బోగీలోకి పోవాలి. కారణం లేకుండా చైన్ లాగితే జరిమానా, జైలు ఉన్న మాట నిజమే. పొగ కనపడితే అది కారణమే, జంకొద్దు. వీలైనంతవరకు వంతెన మీద మాత్రం ఆగకుండా చూసుకోవాలి.

కిటికీల గురించి నేను ఎంతమందితో చెప్పానో. స్లీపర్ బోగీలో కొన్ని కిటికీలకు ఊచలు కదలకుండా బిగించి ఉండవు, ఫ్రేము పైకి లేస్తుంది. పక్కనే ఎర్రగా ఎమర్జెన్సీ అని రాసి ఉంటుంది. ఏసీ బోగీలో ఎర్ర పిడి లాగితే అద్దం ఊడుతుంది. బోగీ పక్కకు పడిపోతే తలుపు ఒకటి నేల కిందికి పోతుంది, రెండోది నెత్తి మీద ఉంటుంది. అప్పుడు కిటికీయే దారి. మీ నాన్నగారు కూర్చోగానే తన సీటు నుంచి ఆ కిటికీకి ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకోవాలి. చీకట్లో చేత్తో తడుముకుంటూ పోవాలంటే ఆ లెక్కే దిక్కు.

ఫోన్ 139కి చేయాలి. భద్రత, వైద్యం, ప్రమాదం అన్నీ ఇప్పుడు ఆ ఒక్క నంబరే. అయితే ఎక్కడున్నారని అడిగితే చాలామంది చెప్పలేరు. చుట్టూ చీకటి, పొలాలు, స్టేషన్ పేరు కనపడదు. పట్టాల పక్కన కరెంటు స్తంభాలు ఉంటాయి చూడండి, ఒక్కోదానికి ఒక చిన్న పలక ఉంటుంది. పైన కిలోమీటరు అంకె, కింద స్తంభం వరస అంకె. 214 కింద 16 అని ఉంటే 214/16 అని చెబితే చాలు. కంట్రోల్‌లో ఉన్నవాళ్లకు అదే పూర్తి అడ్రసు. ఒకసారి పదో తరగతి పిల్లాడెవడో టార్చి వేసి ఆ అంకె చదివి చెప్పాడట. ఏ వైపు నుంచి రోడ్డు దగ్గరో కూడా కంట్రోల్ వాళ్లు చూసి అంబులెన్సులకు ముందే చెప్పగలిగారు. అతన్ని కలవలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

కవచ్ మంచిది, సందేహమే లేదు. మన దక్షిణ మధ్య రైల్వేలోనే పుట్టి పెరిగినంత పనైంది. 2016లో ప్రయాణికుల రైళ్ల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజిన్లో కూర్చుంటే, ఎదురుగా ఉన్న ఇంజిన్‌కి 380 మీటర్ల ముందే బండి తనంతట తాను ఆగింది. సిగ్నల్ దాటిపోవడం, అతివేగం, ఎదురెదురు ఢీ, వీటిని అది ఆపుతుంది. వరదను ఆపదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర గండిపడిన చెరువు నీళ్లు చిన్న వంతెనను లాక్కుపోతే డెల్టా ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా పోయారు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గరా పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అందుకే వానాకాలంలో రాత్రంతా లాంతరు, టార్చి పట్టుకుని పట్టాల వెంబడి నడిచే ప్యాట్రోల్‌మన్ ఉంటాడు. అతని మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. ముసురు రోజుల్లో ప్రయాణమైతే రెండు లీటర్ల నీళ్లు, బిస్కట్లు, రెండు రోజులకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచీలో పెట్టండి, సూట్‌కేసులో కాదు. బండి ఎక్కడో ఆగిపోతే గంటలు గంటలు అక్కడే ఉండాల్సి రావచ్చు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఐఆర్‌సీటీసీలో టికెట్ బుక్ చేసేటప్పుడు ఇన్సూరెన్స్ టిక్ పెట్టి, తర్వాత వచ్చే మెసేజ్‌లో లింకు తెరిచి నామినీ పేరు తప్పకుండా నింపండి. చాలామంది టిక్ పెడతారు, నామినీ నింపరు. నష్టపరిహారం కోసం రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ బెంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఈసారి వాళ్లను రైలెక్కించడానికి వెళ్లినప్పుడు ఒక అరగంట ముందు వెళ్లండి. ఒక కాగితం మీద ఇద్దరి పేర్లు, వయసు, వాడే మందులు, రక్తం గ్రూపు, మీ ఫోన్ నంబరు రాసి ఒకటి అమ్మగారి పర్సులో, ఒకటి నాన్నగారి చొక్కా జేబులో పెట్టండి. ఇద్దరూ విడిపోయి వేరువేరు ఆసుపత్రులకు వెళ్లిన కుటుంబాలను చూశాను, జేబులో కాగితం ఉన్నవాళ్లు అదే సాయంత్రం కలుసుకున్నారు. ప్లాట్‌ఫారం చివర స్తంభం దగ్గరికి నాన్నగారిని తీసుకెళ్లి ఆ పలక చూపించి, పైకి చదవమనండి.