అమ్మ కాసులపేరూ హుండీలో వేయాల్సిందేనా?

ప్రశ్న: బాబుకు జబ్బు చేసినప్పుడు తిరుమల శ్రీవారికి నిలువుదోపిడి (ఒంటిమీదున్న నగలన్నీ ఇచ్చేయడం) మొక్కుకున్నాను. వాడు కోలుకున్నాడు. మొక్కిననాడు ఒంటిమీద మా అమ్మ ఇచ్చిన కాసులపేరు ఉంది. ఇవ్వడానికి మనసు రావడం లేదు. బదులు డబ్బు వేయవచ్చా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: అమ్మా, హుండీలో డబ్బూ వేస్తారు, నగలూ వేస్తారు. కానీ మీరు ‘ఒంటిమీదున్నదంతా’ అని మొక్కి ఉంటే కాసులపేరూ అందులోదే. దాన్ని దాచుకుంటే బీరువా తెరిచినప్పుడల్లా మనసు పీకుతుంది. అలాగని తొందరపడకండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి మనసు కుదిరాకే కొండెక్కండి. అరువు నగ మీది కాదు, అది వేయకూడదు. కుదువలో ఉన్నవి విడిపించాకే.

బిగిసిన గాజులు, ముక్కుపుడక మర క్యూలో ఊడిరావు. గదిలోనే సబ్బునీళ్లతో తీసి, పసుపుగుడ్డలో మూటకట్టండి. తాళిబొట్టూ ఇస్తుంటే ముందుగా పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు మెడలో వేసుకోండి. దర్శనమయ్యాక గుడిలోపలే హుండీ, గుడ్డ తొడిగిన కొప్పెర. అక్కడ తోపులాట ఎక్కువ, సంచి అడుగున వెతుక్కునే వ్యవధి ఉండదు. మూట చేతిలోనే పట్టుకోండి. పడ్డదంతా కానుకలు లెక్కించే పరకామణికి పోతుంది, తిరిగి అడగడానికి లేదు. అందుకే పొరపాటున కలిసిన తాళంచెవి, చీటీ లాంటివేమైనా ఉన్నాయేమో మూట కట్టేటప్పుడే చూసుకోండి.