నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీయండి

పాఠకుల ప్రశ్నలకు హనుమకొండలో ముప్పై ఐదేళ్లుగా బోర్డులు, గోడలు రాస్తున్న ఆర్టిస్టు జవాబులు

ప్రశ్న: సార్, మా ఇల్లు నయీంనగర్ నాలా దగ్గర. నేను డిగ్రీ రెండో సంవత్సరం. 2023 జులై వానలకు మా ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. అమ్మ కుట్టుమిషన్, నా పదో తరగతి మెమో అన్నీ పాడైపోయాయి. ఇప్పటికీ మబ్బు పడితే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. రాత్రిపూట వంతెన మీద, ఆఫీసు గోడల మీద స్ప్రేతో రాద్దామని మా ఫ్రెండ్స్ అంటున్నారు. కేసు అయితే ఉద్యోగం రాదని నాన్నకు టెన్షన్. ఇన్‌స్టాలో పెడితే చాలు కదా అంటుంది అక్క. గోడ మీద రాస్తే నిజంగా ఏమైనా అవుతుందా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అవుతుంది బిడ్డా. కానీ వంతెన మీద కాదు, మీ ఇంటి గోడ మీద రాస్తే.

ఆ జులైలో ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 649 మిల్లీమీటర్లంటే ఎంతో దారిన పోయేవాళ్లకు తెలియదు. అదే గోడ మీద నడుం ఎత్తున ఒక నీలం గీత ఉందనుకో. పాలు పోసే ఆయన సైకిల్ దిగి తన నడుంతో కొలుచుకుంటాడు. బడికి పోయే పిల్లకు అది మెడ దాకా వస్తుంది. ఆ గీత పైన '27 జులై 2023', కింద 'ఇక్కడిదాకా నీళ్లు' అని రాయండి. మునిగిన ప్రతి ఇంటికీ అదే గీత, అదే మాట. కార్పొరేటర్ వచ్చినా, కమిషనర్ వచ్చినా ఆ గీతల మధ్య నుంచే నడవాలి. అక్కకు చెప్పు, ఫోన్‌లో వేలితో పైకి తోసేసినట్టు గోడను తోసెయ్యలేరు.

గీత అబద్ధం చెప్పకూడదు. బురద చార ఇంకా మిగిలిన ఇల్లు మీ గల్లీలో ఒక్కటైనా ఉంటుంది. అక్కడ గుర్తు పెట్టుకుని, మేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపుతో పక్కింటికి, అక్కణ్నుంచి ఆ పక్కింటికి అదే మట్టం పట్టుకుపోండి. నేల పల్లమైన చోట గీత మనిషి తల దాటుతుంది. అది చూసినవాళ్లకు నాలా ఎందుకు వెడల్పు చేయాలో ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు. నాలుగు అంగుళాలు ఎక్కువ గీశారంటే మాత్రం మొత్తం గల్లీ మాట పోతుంది.

ఇక అడిగి రాయడం గురించి. 2010లో ఉద్యమం రోజుల్లో మేం ఐదుగురం రాత్రంతా జాజు, సున్నం బకెట్లు మోసుకుంటూ తిరిగేవాళ్లం. ఒక రాత్రి ఒకాయన ఇంటి గోడ తెల్లగా మెరుస్తుంటే 'జై తెలంగాణ' అని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రాసేశాను. తెల్లారి చూస్తే ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. బిడ్డ పెళ్లికని అప్పు చేసి వేయించిన సున్నం అది. ఆయన తిట్టలేదు. "నేనూ తెలంగాణ కావాలన్నవాణ్నే, అడిగితే నిచ్చెన నేనే పట్టుకునేవాణ్ని" అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ నన్ను కోస్తుంది. ఆ పూటే సున్నం తెచ్చి మళ్లీ వేశాం. పెళ్లయ్యాక ఆయనే పిలిచి పక్కగోడ ఇచ్చాడు. దాని మీద సినిమా పోస్టర్ అంటించడానికి వచ్చినవాళ్లను ఆయన భార్య తరిమేసేది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చిన రోజు కూడా ఆ రాత చెక్కుచెదరలేదు. అడగకుండా రాసినవి మేం ఎన్నో రాశాం, వారం తిరక్కముందే మాయమయ్యేవి.

నాన్న భయాన్ని కొట్టిపారేయకు. సిరియాలో దరా అనే ఊళ్లో 2011లో బడి గోడ మీద పాలకుడికి వ్యతిరేకంగా రాశారని పిల్లల్ని పట్టుకుపోయి హింసించారు. ఆ పిల్లల కోసమే ఊరంతా రోడ్డెక్కింది. గోడ మీది నాలుగు మాటలకు అంత బలం ఉంది కాబట్టే జాగ్రత్త కావాలి. వంతెన, బడి, ఆఫీసు గోడల జోలికి పోకండి. ఇంటివాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఆపేయండి. ఎవరి పేరూ రాయకండి, 'నాలా హద్దులు చూపండి' అని పనిని అడగండి. ఖిలా వరంగల్ రాళ్లనూ వేయిస్తంభాల గుడినీ తాకనే వద్దు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పడొచ్చు. ఆ రాళ్ల మీద మేకుతో పేర్లు గీకినవి చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

స్ప్రే కూడా వద్దు. మన అక్షరానికి కింద వత్తు ఉంటుంది. 'నీళ్లు' రాయాలంటే 'ళ' కింద 'ల' వత్తుకు చోటు కావాలి, స్ప్రేతో అది మరకై కూర్చుంటుంది. దారానికి సుద్ద పూసి గీత కొట్టుకుని, కింద అక్షరంలో సగమంత జాగా వదిలి, కుంచెతో రాయండి. మీ గల్లీలో ముసలివాళ్లు అరుగు మీద కూర్చునే చదవగలగాలి.

ప్రశ్న: గోడరాతకు సున్నం మంచిదా, ఎమల్షన్ మంచిదా?
– ఒక పెయింటర్, జమ్మికుంట

జవాబు: పొడి గోడ అయితే బయటి గోడలకు వాడే ఎమల్షనే. ముందు గీకి, కడిగి, ఎండనిచ్చి ప్రైమర్ వేయండి. చెమ్మ ఎక్కి చవుడు పూసిన గోడకు మాత్రం ఎమల్షన్ వేస్తే పొరలు పొరలుగా ఊడిపోతుంది. అక్కడ సున్నంలో నీలిమందు, నానబెట్టి వడగట్టిన తుమ్మబంక కలిపి రెండు పూతలు వేయండి. వానాకాలం పోయాక రంగు వెలుస్తుంది, మళ్లీ ఒక పూత వేసుకోవాలి. ఏదైనా మే నెలాఖరులోపే ముగించండి.