గాదె గది తలుపు తీసేముందు

అమ్మలూ,

పాకే పిల్లని వేసుకుని లంకలో మన పాత పెంకుటింట్లోనే ఉంటారట, మీ ఆయన కంప్యూటర్ ఉద్యోగం కూడా అక్కడి నుంచేనట. మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ఈ వీధిలో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేశాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ళు మూసి ఉన్న ఇల్లే అది. మీకంటే ముందే అందులో ఎవరెవరు కాపురం పెట్టారో!

ముందు గోడలు చూడు. మట్టితో గీత గీసినట్టు పైకి పాకి ఉంటే చెదలు. గీత చెరిపేస్తే చాలదు, మూలం నేలలో ఉంటుంది. దూలాలు తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే పనివాళ్ళని పిలవండి. కన్నాలు వేసి మందు పోయడం మీ ఇద్దరి వల్ల అయ్యే పని కాదు.

బొద్దింకలకి జెల్ మందు చుక్కలు పెట్టు, అదీ పిల్ల చెయ్యి అందని చోట. సన్నటి గోధుమరంగు బొద్దింక ఒకటి ఉంటుంది, తోక దగ్గర చిన్న సంచి మోసుకుంటూ తిరుగుతుంది. అందులో 30, 40 గుడ్లు ఉంటాయి, దాన్ని మాత్రం వదలకు. చీమల బలపం ఇంట్లోకే తేవద్దు. పిల్లకి అది బలపమే, తిన్నగా నోట్లో పెట్టుకుంటుంది.

దొడ్లో కొబ్బరి చిప్పలు బోర్లించు. చిప్పలో గుక్కెడు నీళ్ళు వారం నిలిస్తే చాలు, పగలు కుట్టే డెంగీ దోమ తయారు. మురుగులో పుట్టేది వేరే దోమ. మా అత్తగారి బోదకాలు దాని చలవే. కాలువ పారేలా చేయించండి, సెప్టిక్ ట్యాంకు గొట్టానికి వల గుడ్డ కట్టండి.

ఇక బియ్యం. దీనికోసమే ఈ ఉత్తరం.

1986 ఆగస్టు వరద నీకు తెలియదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. మన ఇంట్లో నడుంలోతు నీళ్ళు. గాదెలో కొన్ని బస్తాలు మిగిలితే దసరా నాటికి వాటినిండా ముక్కపురుగు. అది గింజకి కన్నం పెట్టి లోపల గుడ్డు దాస్తుంది. అందుకే ఎంత జల్లించినా నెల తిరక్కుండా మళ్ళీ పుడుతుంది. చాట పట్టుకుని విసిగిపోయాను. మీ తాతయ్య ఊళ్ళో లేరు చూసి, పురుగుమందుల కొట్లో ధాన్యం పురుగుకి పెట్టే గ్యాస్ బిళ్ళలు తెప్పించి బస్తాల మధ్య పెట్టేశాను. పైన టార్పాలిన్ కప్పాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఆ బిళ్ళలకి గాలిలో తడి తగిలితే చాలు, విషం గాలి వదులుతాయి. వరద పట్టిన ఇంట్లో తడికేం కొదవ? బస్తాల గదికీ మేం పడుకునే గదికీ మధ్య అడ్డం చెక్క తడికే. అర్ధరాత్రి చేప కుళ్ళినట్టు వాసన వచ్చింది. సాయంత్రం పులుసు గిన్నె కడగలేదేమో అనుకుని లేచి కడిగి మళ్ళీ పడుకున్నాను. తెల్లారేసరికి మీ అమ్మకి వాంతులు. అప్పటికి దానికి ఏడేళ్ళు. గాదె గది తలుపు తీస్తే గడప దగ్గర రెండు బల్లులు వెల్లకిలా పడి ఉన్నాయి.

పిల్లని భుజాన వేసుకుని రేవుకి పరిగెత్తాను. ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. అది ఇటు వచ్చేదాకా మీ అమ్మ తల నా మెడ మీద అటూ ఇటూ వాలిపోతూనే ఉంది. దీనికి విరుగుడు మందంటూ లేదమ్మా, కనిపెట్టుకుని ఉండాలి అంతే అన్నారు డాక్టరుగారు. రెండు రాత్రులు కూర్చున్నాం. బతికింది.

అందుకని నెలకి సరిపడా బియ్యమే కొను. వారం రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, తీశాక తడి ఆరనిచ్చి డబ్బాలో పొయ్యి. అడుగున పాత బియ్యం మీద కొత్తవి పొయ్యకు. పెసలకీ మినుములకీ కాస్త ఆముదం రాయి. పురుగు కనపడితే చాటలో ఎండబెట్టి చెరుగు, కొంప మునిగిపోదు. ఆ బిళ్ళలు మామూలు జనానికి అమ్మకూడదని రూలుంది. రూలుంది కదా అని ధీమాగా ఉండకు, ఎవరో ఒకరు తెచ్చిస్తామంటారు.

ఇంకొకటి. మిగిలిన బిళ్ళలు పారేశానని మీ తాతయ్య అన్నారు గానీ ఎక్కడో చెప్పలేదు. గాదె గది అటక మీద మూత బిగించిన డబ్బా ఏదైనా కనపడితే తియ్యకు, కదపకు, తడి తగలనివ్వకు. గది మూసేసి వ్యవసాయ ఆఫీసులో చెప్పండి. నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. పిల్లని ముందు పక్కింట్లో దింపి, ఆ తర్వాతే తాళం తియ్యి. నామీద ఒట్టు.

గోదావరి ఒడ్డున పుట్టి చేప తినదేమిటని మీ నాన్న మీ అమ్మని ఇప్పటికీ వేళాకోళం చేస్తారు కదా. ఆ రోజు చేపల పులుసు పడలేదని చెప్పింది నేనే. ఇన్నాళ్ళూ అదే నమ్ముతోంది. ఈ ఉత్తరం దానికి చూపించకు. సంక్రాంతికి చాట, జల్లెడ పట్టుకుని అక్కడికే వస్తాను. అప్పుడు నేనే చెప్పుకుంటాను.

మీ అమ్మమ్మ