మీ ప్రశ్న – మా జవాబు: సైకిలు పత్రిక నిలబడాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు, ఒకరితో ఒకరికి పరిచయం లేనివారు రాసినవే అయినా, ఒకే విషయాన్ని ప్రస్తావించాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం కలిసి రెండేళ్ళుగా శ్రీకాకుళం నుంచి సైకిళ్ళ గురించి ఒక త్రైమాసిక పత్రిక తెస్తున్నాము. శాలిహుండం, కళింగపట్నం, శ్రీకూర్మం దారుల గురించి, పాత మెకానిక్కుల గురించి, సైకిలు మీద బడికి వెళ్ళే పిల్లల గురించి రాస్తున్నాము. అట్టతో కలిపి 36 పేజీలు, 500 ప్రతులు; అచ్చుకు 24,000 రూపాయలవుతోంది. చందాదారులు 140 మంది, ఏడాది చందా 200. పుస్తకాల షాపుల్లో 70 ప్రతుల దాకా పోతాయి. 50 రూపాయల ధరలో వారి కమీషను పోగా మాకు 35 వస్తుంది. ఒక్క ప్రకటన ఉంది, దానికి 4,000. చందాదారులకు, ఉచితంగా పంపే మరో 60 మందికి తపాలా, కవరు కలిపి ఒక్కో ప్రతికి 14 రూపాయలు. ప్రతి సంచికకూ పదమూడు వేల పైన చేతి నుంచి పడుతోంది. ధర పెంచాలా, అచ్చు మాని ఫోనులోనే ఇవ్వాలా, ఆపేయాలా? – ఆమదాలవలస పాఠకుడు

జవాబు: మీరు ఉత్తరంతో పాటు పంపిన సంచికను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. రిమ్ము బెండు తీసే పెద్దాయన ఒక్కొక్క పుల్లనూ గోటితో మీటి, ఆ మోతను బట్టి ఏది వదులయిందో చెప్పే తీరును మీరు రాసిన రెండు పేజీలు మరే పత్రికలోనూ నాకు దొరకవు. కాబట్టి ఆపేయమని నేను చెప్పలేను. అయితే ఇప్పుడు నడుపుతున్న పద్ధతిలో కొనసాగించమని కూడా చెప్పలేను.

మీరిచ్చిన అంకెలనే వరుసలో పెట్టి చూద్దాం. చందాల నుంచి సంచికకు 7,000, షాపుల నుంచి 2,450, ప్రకటన 4,000, మొత్తం 13,450 రూపాయల రాబడి. అచ్చుకు 24,000, తపాలాకు 2,800, మొత్తం 26,800 ఖర్చు. లోటు 13,350, ఏడాదికి 53,400. మీరు అచ్చు వేస్తున్న 500 ప్రతులలో చదివేవారి చేతికి చేరుతున్నవి 270 మాత్రమే. మిగిలిన 230 ఎవరి ఇంట్లో, ఏ మంచం కింద ఉన్నాయో మీకే తెలియాలి. విజయనగరంలో ఆరేళ్ళు ఒక చిన్న సాహిత్య పత్రిక నడిపినవాణ్ణి కాబట్టి ఈ మాట తెలిసి చెబుతున్నాను. మైదా జిగురు కాచి చిరునామా చీటీలు అంటించి, కట్టలు సైకిలు క్యారేజీకి తాడుతో బిగించి స్టేషను దగ్గరి రైల్వే తపాలా కార్యాలయానికి (ఆర్‌ఎంఎస్) తీసుకువెళ్ళిన రోజులలో, పంపిన ప్రతుల కంటె ఇంట్లో మిగిలిన ప్రతులే నన్ను ఎక్కువ బాధించేవి.

మొదట ప్రతులు 300కు తగ్గించండి. దానితో బిల్లు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని మాత్రం అనుకోవద్దు. పేజీల అమరిక, అచ్చు ప్లేట్లు, వాటిని మిషను మీద ఎక్కించే కూలి 300కైనా 500కైనా ఒకటే. తగ్గేది కాగితం, కొంత బైండింగు మాత్రమే. 300 ప్రతులకు ప్రెస్సువారు 19,000 చెప్పారనుకుందాం. అప్పుడు ఏడాదికి నాలుగు సంచికలకు బదులు రెండే తెండి, చందాను 300 చేయండి. అచ్చుకు 38,000, ఉచిత ప్రతులు మానేస్తే 140 మందికి రెండేసి ప్రతులు పంపడానికి 3,920, చందాలు 42,000. ప్రకటన ఒక్కటి కూడా లేకుండా లెక్క సరిపోతుంది. చందా పెంచినందుకు 45 మంది వెళ్ళిపోయారనుకున్నా లోటు ఏడాదికి పన్నెండు వేల చిల్లర. షాపుల అమ్మకాలు అందులో కొంత పూడుస్తాయి. ముగ్గురు పంచుకుంటే ఇళ్ళల్లో మాట పడవలసినంత మొత్తం కాదది.

ఈ లెక్క మీకు చేతకాక కాదు, 140 మందిని నేరుగా అడగడానికి మొహమాటపడి మీరు ఇక్కడిదాకా వచ్చారని నా అభిప్రాయం. మీ సంచికలో చందా వివరాలు ఆఖరి పేజీ అడుగున, చీమల బారులాంటి అక్షరాలలో ఉన్నాయి. ప్రకటనదారు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి కూర్చున్నామని అదే ఉత్తరంలో రాశారు. అందులో సగం ఓపిక చందాదారుల మీద పెట్టండి. పైన చెప్పిన లెక్క ఉన్నదున్నట్టుగా, మీ చేతిరాతతో ఒక కాగితం మీద రాసి, జిరాక్సు తీసి, వచ్చే సంచికలో పెట్టి పంపండి. శ్రీకూర్మం దారిలో తెల్లవారుజామున మీతో పాటు సైకిలు తొక్కేవారు ఆ కాగితాన్ని చదవకుండా పక్కన పెట్టరు.

తపాలా సంగతి విడిగా చెప్పాలి. వార్తాపత్రికలకు ఇచ్చే రాయితీ ధరకు 1898 నాటి తపాలా చట్టం పెట్టిన షరతులలో ఒకటి, పత్రిక 31 రోజులకు మించని వ్యవధిలో వెలువడాలన్నది. నిజమైన చందాదారుల జాబితా ఉండాలన్నది మరొకటి. మూడు నెలలకొకసారి వచ్చే పత్రికకు ఆ మొదటి షరతు దగ్గరే దారి మూసుకుపోయేది. ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్‌లో అమలులోకి వచ్చింది కాబట్టి ప్రస్తుత నియమాలను ప్రధాన తపాలా కార్యాలయంలో కనుక్కోండి. పుస్తకాలు చౌకగా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తివేశారు, 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. చిన్న పత్రికలకు, పుస్తక ప్రచురణకర్తలకు ఈ రెండు నిర్ణయాల వల్ల జరిగిన నష్టం గురించి రావలసినంత చర్చ రాలేదు. పన్నుల లెక్క కూడా ఇలాగే ఉంది. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, అందుకు సంతోషించాలి; అదే మార్పులలో అచ్చుకు వాడే కాగితాలలో చాలావాటి మీద 12 నుంచి 18కి పెంచారు. పత్రిక అమ్మకం మీద జీఎస్టీ లేదు కాబట్టి, కాగితం మీద కట్టిన పన్నును అమ్మకాలలో సర్దుకునే వీలు లేదు. అది నేరుగా మీ బిల్లులో కలుస్తుంది.

పత్రికను ఇంకా నమోదు చేయించకపోతే వెంటనే చేయించండి. 2024 మార్చి 1 నుంచి అమలులో ఉన్న పత్రికల నమోదు కొత్త చట్టం ప్రకారం పత్రిక పేరు కేటాయింపు, నమోదు రెండూ ఆన్‌లైన్‌లో ఒకే దరఖాస్తుతో జరుగుతాయి.

ఫోను విషయం. కొత్త సంచికను పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వదిలితే, డబ్బు కట్టిన మనిషికి పోస్టులో ప్రతి అందేలోగా కట్టనివారందరూ చదివేసి ఉంటారు. ఏడాది దాటిన సంచికలను మాత్రమే ఉచితంగా ఇవ్వండి. ఫోనులో పత్రిక బతకదని నేననడం లేదు. ఆస్ట్రేలియాలో మొదలైన సైక్లింగ్ టిప్స్ అనే సైకిలు వెబ్ పత్రిక ఒక పెద్ద సంస్థ చేతిలోకి వెళ్ళిన తరువాత 2022లో ఉద్యోగాలు తీసివేస్తే, బయటకు వచ్చినవారు 2023లో ఎస్కేప్ కలెక్టివ్ పేరుతో సొంత పత్రిక పెట్టుకున్నారు. వారు ఆధారపడింది ప్రకటనల మీద కాదు, నెలనెలా డబ్బు కట్టే సభ్యుల మీద. కాగితమైనా ఫోనైనా చందాల పుస్తకమే పత్రికకు ఆధారమని వారికి తెలిసింది.

ఒక పత్రిక ఆగిపోవడం నడిపినవారి అసమర్థత కాదన్నది కూడా మీరు గుర్తుంచుకోవాలి. మన శ్రీకాకుళం జిల్లాలో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెడితే అది ఒక్క ఏడాదే నడిచింది. 1978లో మొదలైన ‘చతుర’, ‘విపుల’ మాసపత్రికలు 2021లో మూతపడ్డాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి ఒక దంపతులు 1989లో మొదలుపెట్టిన డర్ట్ ర్యాగ్ అనే కొండదారుల సైకిలు పత్రిక ముప్పై ఏళ్ళు నడిచి 2020 ఆరంభంలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు నడవడం సామాన్యమైన విషయం కాదు.

ప్రశ్న: విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో మాకు సైకిళ్ళ షాపు ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు తమ సైకిలు పత్రికకు 2,000 రూపాయల ప్రకటన అడిగారు. మేము అమ్మే ఒక గేర్ల సైకిలుకు బ్రేకులు బాగాలేవని వాళ్ళే కిందటి సంచికలో రాశారు. ప్రకటన ఇస్తే మంచిగా రాస్తారా? అసలు మాలాంటి షాపుకు దానివల్ల ఉపయోగమేమిటి? – విజయనగరం పాఠకుడు

జవాబు: మంచిగా రాస్తారన్న ఆశతో ఇచ్చేటట్టయితే ఇవ్వకండి. ప్రకటన ఇచ్చినవారి సరుకునల్లా మెచ్చుకునే పత్రికను ఏడాది తిరగకుండానే జనం నమ్మడం మానేస్తారు. ఎవరూ నమ్మని పత్రికలో మీ ప్రకటన మీద పెట్టిన 2,000 వృథాయే.

ఈ సమస్య సైకిలు పత్రికలకు పుట్టుకతో వచ్చినది. ఫ్రాన్సులో 1890లలో ‘ల వేలో’ అనే క్రీడా దినపత్రికకు తిరుగులేదు. ఆకుపచ్చ కాగితం మీద వచ్చేది. డ్రేఫస్ అనే సైనికాధికారి మీద మోపిన రాజద్రోహ నేరం విషయంలో దేశం రెండుగా చీలినప్పుడు, ఆ పత్రిక సంపాదకుడు పియేర్ జిఫార్ డ్రేఫస్ పక్షాన నిలబడ్డాడు. దానికి పెద్ద ప్రకటనదారుల్లో ఒకడు, మోటారు కార్లు తయారుచేసే ద దియోన్ ప్రభువు, అవతలి పక్షం. ఆయనా, ఆయనతో కలిసి వచ్చిన మరికొందరు తయారీదారులూ ప్రకటనలు మానుకోవడంతో ఊరుకోక, 1900లో పసుపుపచ్చ కాగితం మీద సొంతంగా ‘లోటో-వేలో’ అనే మరో పత్రిక పెట్టారు. పేరు విషయంలో కోర్టులో ఓడిపోయి 1903 జనవరిలో దానిని ‘లోటో’గా మార్చుకున్నారు. అమ్మకాలు మాత్రం పెరగలేదు. జనం చేత పత్రిక కొనిపించడానికి ఆలోచించిన ఉపాయమే దేశాన్ని చుట్టి వచ్చే సైకిలు పందెం. 1903 జూలై 1న 60 మందితో మొదలైన ఆ పందెమే టూర్ డి ఫ్రాన్స్. మరుసటి ఏడాది ‘ల వేలో’ మూతపడింది. నేటికీ ఆ పందెంలో ముందున్నవారు తొడుక్కునే పసుపు చొక్కా రంగు ఆ పత్రిక కాగితం నుంచి వచ్చినదేనని చెబుతారు.

అంత పెద్ద దినపత్రికనే ప్రకటనదారుల కోపం ముంచగలిగినప్పుడు, మీ దగ్గరికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు మీ షాపులో సైకిలుకు బ్రేకులు బాగాలేవని రాసి, మళ్ళీ మీ దగ్గరికే ప్రకటన అడగడానికి రావడంలో ఎంత ధైర్యం ఉందో చూడండి. అటువంటివారి మాట మీద కొనేవాడికి గురి ఉంటుంది. వీలైతే ఆ బ్రేకు కట్టలు ఒకసారి విప్పి చూసుకోండి.

ఇక ఉపయోగం. ప్రకటనకు బదులు అదే 2,000తో ప్రతులు కొనమని నా సలహా. ధర 50 అయితే షాపులకిచ్చే కమీషను పోగా యాభైకి పైగానే ప్రతులు వస్తాయి. గేర్ల సైకిలు కొన్న ప్రతివారికీ ఒకటి చేతిలో పెట్టండి. కొత్త సైకిళ్ళలో ఎన్ని ఆర్నెల్లు తిరక్కుండానే గాలి పోయి మేడమెట్ల కింద చేరతాయో మీకు నాకంటె బాగా తెలుసు. రామతీర్థం దాకా ఏ దారిన వెళ్ళాలో, చైనుకు నూనె ఎప్పుడు పెట్టాలో చదివినవాడు మళ్ళీ టైరుకో ట్యూబుకో మీ దగ్గరికి వస్తాడు. పత్రికవారికీ దీనివల్ల నిజమైన పాఠకులు దొరుకుతారు.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ముప్పై ఏళ్ళు సైకిలు మీదే బడికి వెళ్ళాను. ఆ అభిమానంతో ఒక సైకిలు పత్రికకు 2,000 రూపాయల జీవిత చందా కట్టాను. ఐదు సంచికలు వచ్చి ఆగిపోయాయి. ఫోను ఎత్తడం లేదు. ఇది మోసం కాదా? – చీపురుపల్లి పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ బాధ న్యాయమైనది. వారు మోసం చేయాలనే మొదలుపెట్టారని మాత్రం నేననుకోను. జీవిత చందా డబ్బును బ్యాంకులో వేసి వడ్డీతో సంచిక పంపాలన్నది అసలు ఉద్దేశం. ఆచరణలో ఆ డబ్బు ఆ నెల ప్రెస్సు బిల్లుకే పోతుంది. తరువాత జీవితకాలం పంపవలసిన బాధ్యత ఒక్కటే మిగులుతుంది. విజయనగరంలో నేను నడిపిన పత్రికకు అటువంటి చందాదారులు 41 మంది ఉండేవారు. ఆపేస్తున్నప్పుడు ఎంత సొమ్ము ఎవరికి బాకీ ఉన్నామో లెక్కవేసి ఒక్కొక్కరికీ కార్డు రాశాను. 33 మంది డబ్బు వద్దన్నారు. ఏడుగురు పాత సంచికలు తీసుకున్నారు. ఒకాయన పూర్తిగా తిరిగి ఇమ్మన్నారు, రెండు వాయిదాలలో ఇచ్చాను. ఆ కార్డులు రాయడానికి ముందు రెండు నెలలు నేను కూడా ఫోను ఎత్తలేదు. అది తప్పు. ఆ తప్పును నేను ఇప్పటికీ సమర్థించుకోను.

అందువల్ల ఫోను మానేసి, సంచిక ఆఖరి పేజీలో ప్రచురణకర్త పేరు కింద ఉన్న చిరునామాకు కార్డు రాయండి. ఐదు సంచికల ధర మినహాయించి మిగిలినది తిరిగి ఇవ్వగలరా, లేకపోతే ఇంకేమి ఇవ్వగలరు అని సూటిగా అడగండి. సిగ్గుతో ముఖం చాటేసినవారికి ఫోనులో మాట్లాడటం కంటె కార్డుకు జవాబు రాయడం తేలిక. ఆమదాలవలస మిత్రులకు కూడా ఇక్కడే చెబుతున్నాను: ఎంత ఇబ్బంది వచ్చినా జీవిత చందాలు వసూలు చేయకండి, ఏడాదికి మించి ముందు డబ్బు తీసుకోకండి.

ఆ ఐదు సంచికలను పాత కాగితాలవాడికి మాత్రం వేయవద్దు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలను ఒకచోట చేర్చగలిగారంటే, ఎక్కడెక్కడో ఎవరో ఒకరు పాత పత్రికలను పారేయకుండా దాచిపెట్టడం వల్లనే. ఐదింటినీ ఒక దారంతో కుట్టి, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఇచ్చి, రిజిస్టరులో నంబరు వేయించుకోండి.