న్యూజెర్సీ గన్ కేసులో గవర్నర్ క్షమాభిక్ష కోసం ఎదురుచూడొచ్చా?

మీ బావగారికి పెన్సిల్వేనియా గన్ పర్మిట్ ఉందని, న్యూజెర్సీలో కారు ఆపినప్పుడు హ్యాండ్‌గన్ దొరికి కేసు పెట్టారని రాశారు. గవర్నర్ క్షమాభిక్ష కోసం సంతకాలు సేకరించమంటారా అని అడిగారు. ఆయనది గ్రీన్ కార్డ్ అన్నారు కాబట్టి సూటిగా చెప్తున్నా: ఆ పని పక్కన పెట్టండి. ఇప్పుడు మీకు కావలసింది కౌంటీ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్, నిర్ణయం.

మా చిన్నాన్న కొడుక్కి అచ్చం ఇలాగే జరిగింది. ఎడిసన్‌లో గృహప్రవేశానికి వస్తుంటే దారిలో ఆపారు. దాచడం తప్పనుకుని డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు పర్మిట్ కార్డు కూడా తనే తీసిచ్చాడు. ఆ కార్డు అక్కడ చెల్లదు. చేతికి బేడీలు పడ్డాకే ఆ సంగతి తెలిసింది పాపం. న్యూజెర్సీ పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ ఉంటే సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్ల శిక్ష. పైగా గ్రేవ్స్ యాక్ట్ అని, తుపాకీ కేసుల్లో కనీస జైలు శిక్షను తప్పనిసరి చేసే చట్టం ఒకటుంది. దాని ప్రకారం కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా లోపల ఉండాలి. ఎవరినీ బెదిరించకపోయినా అంతే.

గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చారని మీరు విన్నది బహుశా పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి కేసు. 2013లో న్యూజెర్సీలోని అట్లాంటిక్ కౌంటీలో ఆమె కూడా పర్మిట్ ఉందని తనే పోలీసుకు చెప్పి అరెస్టయింది. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చారు, నిజమే. కానీ జైలు గండం అంతకుముందే తప్పింది. ప్రాసిక్యూటర్ మొదట కుదరదన్నా, 2014 సెప్టెంబరులో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు ఇలాంటి పరాయి రాష్ట్ర పర్మిట్‌దారుల విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. దాంతో ఆమెను పీటీఐలోకి, అంటే విచారణకు ముందే షరతులతో కేసు ముగించే కార్యక్రమంలోకి తీసుకున్నారు.

గ్రీన్ కార్డ్ వాళ్లకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆయుధాల కేసులో కన్విక్షన్ (దోషి అని నిర్ధారణ) పడితే దేశం నుంచి పంపేయొచ్చు. గవర్నర్ క్షమాభిక్ష కొన్ని రకాల నేరాల్లో ఆ ముప్పును తప్పిస్తుంది కానీ ఆయుధాల నేరం ఆ జాబితాలో లేదు. రాష్ట్ర కేసు కాబట్టి ప్రెసిడెంట్ క్షమాభిక్షా వర్తించదు.

పీటీఐ దొరికినా జాగ్రత్త. సెకండ్ డిగ్రీ ఛార్జ్ మీద చేర్చుకోవాలంటే ముందు గిల్టీ ప్లీ, అంటే నేరం ఒప్పుకోలు, ఇవ్వాల్సి ఉంటుంది. కోర్టులో నేరం ఒప్పుకుని, జడ్జి ఏ చిన్న ఆంక్ష పెట్టినా, తర్వాత కేసు కొట్టేసినా సరే, ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది కన్విక్షనే. అందుకే మా వాడి లాయర్ ముందు ఛార్జ్ తగ్గించమని పట్టుబట్టాడు. ప్రాసిక్యూటర్ ఆఫీసు మొదట ససేమిరా అంది. పర్మిట్ కాపీ, గన్ కొన్న రసీదు, ఉద్యోగం లెటర్, పాత కేసులు లేవన్న రికార్డు, అన్నీ ఒక ఫైలుగా ఇచ్చాక మెత్తబడ్డారు. ప్లీ లేకుండానే పీటీఐ వచ్చింది.

కాబట్టి క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కూడా పెట్టుకోండి, ఇద్దరినీ ఒకరితో ఒకరు మాట్లాడించండి. గ్రాండ్ జ్యూరీ ఇండైట్‌మెంట్ (పౌరుల బృందం అధికారికంగా అభియోగం మోపడం) రాకముందే ఆ ఫైలు ప్రాసిక్యూటర్‌కు చేరాలి. ఈలోగా బావగారు ఇమ్మిగ్రేషన్ లాయర్ చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, ఇండియా ప్రయాణం కూడా పెట్టుకోకూడదు.