ఆ ఇంట్లో ఖాళీ గదులే ఎందుకు చూపిస్తారు?

ప్రశ్న: మేం అమెరికాలోని షార్లెట్‌లో ఉంటాం. మొన్న సెలవుల్లో చార్ల్‌స్టన్ దగ్గర డ్రేటన్ హాల్ అనే పాత ప్లాంటేషన్ ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లాం. బయటికి రాజభవనమే, లోపల మాత్రం ఒక్క కుర్చీ లేదు, లైట్లు లేవు, గోడల రంగు పెచ్చులు లేస్తోంది. టికెట్ పెట్టి మరీ చూపిస్తున్నప్పుడు బాగు చేయించొచ్చు కదా? ఊళ్లో మా తాతగారి మండువా ఇల్లు రిపేరు చేయించాలనుకుంటున్నాం, అందుకే అడుగుతున్నాను.

జవాబు: డబ్బుల్లేక కాదండీ, కావాలనే అలా ఉంచారు. ఆష్లీ నది ఒడ్డున ఆ స్థలం జాన్ డ్రేటన్ 1738లో కొన్నాడు. ఏడు తరాలు ఆ కుటుంబం దగ్గరే ఉన్న ఇల్లు 1974లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికొచ్చింది. ఏదో ఒక కాలాన్ని ఎంచుకుని సామాను తెచ్చి సర్దడం కంటే, దొరికింది దొరికినట్టే కాపాడాలని నిర్ణయించారు. అదే సరైనదని నా నమ్మకం, ఎందుకంటే కొత్త రంగు కోసం పాతది గీకితే దాని కింద పొరల్లో ఉన్న చరిత్ర కూడా పోతుంది, తలుపు చట్రం మీద ఆ ఇంటి పిల్లల ఎత్తు కొలిచి గీసిన గీతలు ఇవాళ్టికీ ఉన్నాయంటే ఎవరూ వాటిని తుడిచి రంగు వేయలేదు కాబట్టే. అలాగని గాలికి వదిలేయలేదు, కప్పు కారకుండా, తేమ ఎక్కకుండా పని జరుగుతూనే ఉంటుంది.

ఇంకో మాట. డ్రేటన్ కుటుంబం సంపదంతా వరి, నీలిమందు పొలాల్లో బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్లు, వాళ్ల పిల్లలు, మనవలు చేసిన చాకిరీ నుంచి వచ్చింది. వరి నాట్లంటే ఏంటో తెలిసినవాళ్లం, ఆ బురదలో కూలి లేకుండా, పారిపోయే దారి లేకుండా జీవితమంతా అంటే ఊహించండి. వాళ్ల గుడిసెలు ఒక్కటీ మిగల్లేదు. 1790 ప్రాంతం నుంచీ ఉన్న వాళ్ల శ్మశానం మాత్రం అక్కడే ఉంది. ఈసారి వెళితే పిల్లల్ని ముందు అక్కడికి తీసుకెళ్లండి.

ఇక మీ మండువా ఇంట్లో మనుషులు ఉండాలి కాబట్టి కరెంటు, బాత్‌రూమ్ పెట్టించుకోండి, తప్పేం లేదు. ముందు పెంకులు, దూలాలు చూపించండి. సున్నపు గోడల మీద సిమెంట్ ప్లాస్టరింగ్ మాత్రం వద్దు, తేమ బయటికి పోయే దారి లేక గోడే పాడవుతుంది. పని మొదలుపెట్టకముందే ప్రతి గదికీ ఫోటోలు తీసుకోండి, తాతగారి కాలంలో ఆ ఇంట్లో పనిచేసినవాళ్లు ఊళ్లో ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని ఏ గదిలో ఏం జరిగేదో, వాళ్లను ఏ గడప దాకా రానిచ్చేవారో అడిగి రాసుకోండి.