కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి: ఎవరి మాట నమ్మాలి?

అమ్మాయి కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చేరిందని, రెండేళ్లయ్యాక యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, మారాలని, వాట్సాప్ గ్రూపులో తలా ఒక మాట చెబుతున్నారని రాశారు కదండీ. నేనూ ఆ దారిలోనే వెళ్లాను. విన్న మాట నమ్మి ఒక వేసవి సెలవులు పోగొట్టుకున్నాను.

ఒక సీనియర్ ఫలానా కోర్సు చూపించి, "ఇది యూసీకి ట్రాన్స్‌ఫర్ అవుతుంది, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. మా కౌన్సెలర్‌ని అడిగితే ఆవిడా అవుతుందనే అన్నారు. ఇద్దరిదీ అబద్ధం కాదు. యూనిట్లు, అంటే క్రెడిట్లు, లెక్కలోకి వచ్చాయి. కానీ నా మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టు కంప్యూటర్ సైన్స్‌కు, కావలసిన కోర్సు అది కాదు. అసలు కోర్సు వేసవిలో చదవాల్సి వచ్చింది, దాంతో ఇండియా టికెట్ రద్దు. ఇంట్లో తిట్లు సరేసరి.

నేను అడగాల్సింది "ట్రాన్స్‌ఫర్ అవుతుందా" అని కాదు, "ఈ క్యాంపస్‌లో ఈ మేజర్‌కు పనికొస్తుందా" అని. దానికి జవాబు అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీలకు యూసీతో, సీఎస్‌యూతో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ఉన్న కోర్సుల ఒప్పందాలు అధికారికంగా పెట్టేది అక్కడే. విద్యా సంవత్సరం, కాలేజీ, క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మన కోర్సు కనిపిస్తాయి. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉంటే మన కాలేజీలో సరిపోయేది లేదని అర్థం. రెండు కోర్సుల మధ్య "అండ్" ఉంటే రెండూ చదవాల్సిందే, ఒకటి చదివితే చెల్లదు. ప్రతి క్యాంపస్‌కూ విడిగా చూడండి, డేవిస్‌కు సరిపోయింది అర్వైన్‌కు సరిపోవాలని లేదు.

సీనియర్ల మాట పాతబడిపోతుంది కూడా. "ఐజెట్సీ పూర్తి చెయ్" అని ఇంకా చెబుతూనే ఉంటారు. ఐజెట్సీ అంటే ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్లు చదివే జనరల్ కోర్సుల జాబితా. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకు దాని బదులు కాల్-గెట్సీ వచ్చింది.

ఇక ట్యాగ్, అంటే ముందే సీటు గ్యారంటీ ఇచ్చే పద్ధతి. యూసీ క్యాంపస్‌లలో బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. మిగతా ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబరు 1 నుంచి 30 లోపు. అన్ని మేజర్లకూ ఉండదు.

కౌన్సెలర్ దగ్గరికి ఆ అసిస్ట్ పేజీ ప్రింటు తీసుకుని వెళ్లమనండి. వాళ్లు చెప్పింది ఈమెయిల్లో కూడా రాయించుకోమనండి. అమ్మాయి ఏ మేజర్ అనుకుంటోందో మీరు రాయలేదు, ముందు అది తేల్చుకోమనండి.